గాయపడిన పాత్రకు చికిత్స: బొబ్బిలి నేపథ్యపు లార్ప్ ఆటలో దెబ్బలను ఎలా నడపాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా మళ్లీ చెబుతాను. విజయనగరంలో చదువుకుంటున్న మీరు 20 మంది కలిసి, 1757 నాటి బొబ్బిలి యుద్ధం నేపథ్యంగా ఒక మామిడి తోటలో లార్ప్ ఆడారు. ఈ మాట తెలియనివారి కోసం చెప్పాలంటే, ప్రేక్షకులూ రాసిపెట్టిన సంభాషణలూ లేకుండా ప్రతి ఒక్కరూ ఒక పాత్రగా వేషం కట్టి, ఆ పాత్రగానే పూటంతా మసలే ఆట అది. మొదటి పోరులో ఏడుగురు కూలిపోతే, వైద్యురాలి పాత్ర వేసిన అమ్మాయి ఒక మంత్రం చదివి రెండు నిమిషాల్లో అందరినీ లేపేసింది. ఆ తరువాత కత్తికి ఎవరూ భయపడలేదు. రెండోసారి మంత్రం తీసేసి, గాయపడినవారు గంటసేపు కదలకూడదని నియమం పెడితే, వాళ్లు చెట్టు కింద ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు, నలుగురు ఇళ్లకు వెళ్లిపోయారు. చికిత్స ఎంతసేపు ఉండాలి, ఎంత నిజంలా ఉండాలి, అందుకు ఏయే సామగ్రి కావాలి అని అడిగారు.

నేను ఎనిమిదేళ్లుగా శ్రీకాకుళం జిల్లాలో, ఎక్కువగా ఉద్దానం వైపు జీడిమామిడి తోటల్లోనూ అప్పుడప్పుడు నాగావళి ఒడ్డునా ఇటువంటి ఆటలు నడుపుతున్నాను. వైద్యుణ్ని కాను, నేను చెప్పేది ఆట గురించే తప్ప నిజమైన వైద్యం గురించి కాదని, నిజమైన గాయం ప్రస్తావన వచ్చిన చోట మాత్రం ఎవరికైనా తెలిసి ఉండవలసిన ప్రథమ చికిత్స వరకే మాట్లాడతానని ముందే చెబుతున్నాను.

మీ రెండు ప్రయత్నాలలోనూ జరిగిన పొరపాటు ఒకటే. గాయాన్ని ఆటగాడు చెల్లించవలసిన జరిమానాగా చూశారు. మొదటిసారి ఆ జరిమానా మరీ తక్కువైంది, రెండోసారి మరీ ఎక్కువైంది. ఉదయాన్నే లేచి, పంచె బిగించి, తలపాగా చుట్టుకుని, సొంత ఖర్చుతో తోట దాకా వచ్చిన మనిషికి గంటసేపు ఏ పనీ లేకుండా చేస్తే అతను ఇంటికి వెళ్లడంలో తప్పేమీ లేదు. దెబ్బ తగిలిన క్షణం నుంచి ఆ పాత్ర మీద నలుగురి దృష్టి పడాలి, అతని చేతికి ఒక పని రావాలి, అతని పక్కన ఒక మనిషి ఉండాలి. చికిత్సకు పెట్టే నియమాలన్నీ ఈ మూడింటి కోసమే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ ఆటకు బయటి దేశాలలో పాత చరిత్రే ఉంది. ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో పెక్‌ఫర్టన్ కోటలో 1982లో మొదలైన ట్రెజర్ ట్రాప్ అనే ఆటను అక్కడివారు తమ సంప్రదాయానికి మొదటి మెట్టుగా చెప్పుకుంటారు. అటువంటి పోరు ఆటలన్నింటిలోనూ లెక్క దాదాపు ఒకటే: ప్రతి పాత్రకు కొన్ని దెబ్బలు తట్టుకునే శక్తి ఉంటుంది, అది సున్నాకు చేరితే పాత్ర కూలుతుంది, కూలిన తరువాత మనసులో ఒక లెక్క మొదలవుతుంది, లెక్క పూర్తయ్యేలోగా ఎవరూ వచ్చి ఆదుకోకపోతే ఆ పాత్ర చనిపోతుంది. నెత్తురు కారే లెక్క అని పిలిచే ఈ పద్ధతి ఎందుకు నిలబడిందంటే, అది పడినవాడికీ పరుగెత్తుకొచ్చేవాడికీ ఒకేసారి ఆత్రం కలిగిస్తుంది. మీ ఆటలో లేనిది ఈ ఆత్రమే.

గడియారం గురించి మొదట మాట్లాడుకుందాం. 1757 నాటి సిపాయి చేతికి వాచీ ఉండదు. నిమిషాలు, సెకన్లు అన్న మాటలు వినిపించగానే ఆ కాలం కాస్తా చెదిరిపోతుంది. మనకు పంచాంగంలో చక్కని కొలతలు ఉన్నాయి: ఘడియ అంటే 24 నిమిషాలు, అందులో 60వ వంతు అయిన విఘడియ అంటే 24 సెకన్లు. నా ఆటలలో కూలిన పాత్రకు 10 విఘడియల ప్రాణం ఉంటుంది, అంటే సరిగ్గా 4 నిమిషాలు. పడినవాడు తన మొలలో కట్టుకున్న దారానికి ఉన్న 10 పూసలను ఒక్కొక్కటిగా జరుపుకుంటూ, ఒక్కో పూసకు నెమ్మదిగా 24 అంకెలు లెక్కపెడతాడు. లెక్క కాస్త అటూ ఇటూ అయినా నాకు పట్టింపు లేదు. భయపడిన మనిషి కొంచెం తొందరగా లెక్కపెట్టడం కూడా ఆటలో భాగమే.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన నియమం. వైద్యుడే వచ్చి ఆదుకోవాలని పెడితే మీ ఆట మళ్లీ ఆగిపోతుంది, ఎందుకో లెక్క వేసి చూడండి. 20 మందిలో ఇద్దరు వైద్యులు ఉన్నారనుకుందాం. ఒక్కో గాయానికి అర ఘడియ, అంటే 12 నిమిషాలు పడుతుందనుకుందాం. ఒక పోరులో ఎనిమిది మంది పడితే ఒక్కో వైద్యుడికి నలుగురు, మొత్తం 48 నిమిషాలు, అంటే రెండు ఘడియలు. ప్రాణం ఉండేది 4 నిమిషాలే కనుక ఆరుగురు చచ్చిపోతారు. అందుకని నేను పెట్టుకున్న నియమం ఇది: ఎవరైనా సరే, వంటవాడైనా, శత్రువైనా, పడినవాడి పక్కన కూర్చుని గాయం మీద గుడ్డ అదిమి పట్టుకుంటే ఆ లెక్క ఆగుతుంది; చెయ్యి తీసిన మరుక్షణం ఆగిన పూస నుంచే మళ్లీ మొదలవుతుంది. చెయ్యి ఆనించి ఉన్నవాడు కత్తి పట్టలేడు, పరుగెత్తలేడు. ఈ ఒక్క నియమంతో పోరు తీరే మారిపోతుంది. ఎనిమిది మంది పడితే మరో ఎనిమిది మంది వాళ్ల పక్కన కూర్చోక తప్పదు. అప్పటిదాకా ఒకరినొకరు తరుముకున్న ఇద్దరు మనుషులు, వైద్యుడు వచ్చేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవలసి వస్తుంది. నా ఆటలలో ఎక్కువమంది గుర్తుంచుకున్న సంభాషణలు అక్కడ పుట్టినవే.

వైద్యుడు ఎవరి దగ్గరకు ముందు వెళ్లాలన్నది కూడా అప్పుడు అసలైన ప్రశ్న అవుతుంది. గాయం తీవ్రతను బట్టే తప్ప హోదాను బట్టి గానీ, ఏ పక్షం మనిషన్నదాన్ని బట్టి గానీ వరుస నిర్ణయించకూడదన్న సూత్రాన్ని యుద్ధరంగంలో పాటించి చూపినవాడు నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు లారే. అంటే మీ కథ జరిగిన కాలానికి నాలుగు దశాబ్దాల తరువాతి మాట. మీ వైద్యురాలికి ఆ సూత్రం రాసి ఇవ్వకండి. దొర బావమరిది మోచేతి మీద గీరుకుపోయి అరుస్తుంటే, పక్కనే పేరు లేని బంటు పొట్ట పట్టుకుని మౌనంగా పడి ఉంటే ఏం చేయాలో ఆమెనే తేల్చుకోనివ్వండి.

చికిత్సలో ఏం జరగాలన్న విషయానికి వస్తే, నేను గాయం చీటీలు వాడతాను. ఆటకు ముందు రోజు 40 చీటీలు రాసి, మడిచి, ఒక గుడ్డసంచిలో వేసి ఉంచుతాను. కూలిన ఆటగాడు వైద్యుడి దగ్గరకు చేరాక సంచిలోంచి ఒక చీటీ తీసి, తాను మాత్రమే చదువుకుంటాడు. అందులో దెబ్బ ఎక్కడ తగిలింది, అతనికి ఎలా అనిపిస్తోంది, అడిగితే ఏం చెప్పాలి, ఏం చేస్తే తగ్గుతుంది, చేయకపోతే ఏమవుతుంది అన్నవి నాలుగైదు వాక్యాలలో ఉంటాయి. వైద్యుడికి చీటీ చూపించకూడదు. అతను అడిగి, చూసి, తడిమి తెలుసుకోవాలి. ఉదాహరణకు నా చీటీ ఒకటి ఇలా ఉంటుంది: తుపాకీ గుండు ఎడమ తొడలో దిగింది, నెత్తురు పెద్దగా లేదు, కాని నీ పంచె పీలిక గుండుతోపాటు లోపలికి పోయింది, వైద్యుడు నీ పంచెకు పడిన చిల్లు చూసి ఆ పీలిక సంగతి అడిగితేనే చెప్పు, అడగకుండా కట్టు కట్టేస్తే రెండు ఘడియల తరువాత నీకు జ్వరం వస్తుంది. ఇది నేను కల్పించిన చమత్కారం కాదు. ఆ కాలపు తుపాకుల నుంచి నెమ్మదిగా వచ్చే సీసపు గుండు ఒంటిమీది గుడ్డను కూడా లోపలికి ఈడ్చుకుపోవడం, ఆ గుడ్డ వల్లే గాయం చీము పట్టడం నిజంగా జరిగేవి. నియమాల పుస్తకంలో రాయని ఇటువంటి వివరం తెలిసిన వైద్యురాలు రెండో ఆటకల్లా శిబిరంలో అందరికీ పెద్దదిక్కు అవుతుంది.

కాలానికి తగిన వైద్యం ఏమిటన్నది తెలుసుకుంటే చీటీలు రాయడం సులభం. ఈథరుతో మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయవచ్చని బోస్టన్ నగరంలో లోకానికి చూపింది 1846లో. గాయాన్ని కార్బాలిక్ ఆమ్లంతో శుభ్రం చేయాలని లిస్టర్ ప్రకటించింది 1867లో. మనుషుల నెత్తురులో వర్గాలున్నాయని తేలింది 1901లో. కాబట్టి 1757లో మత్తు లేదు, కంటికి కనబడని క్రిమి వల్ల గాయం చెడుతుందన్న ఎరుక లేదు, నెత్తురు ఎక్కించడం లేదు. నొప్పికి ఉన్నవి కల్లు, సారా, నల్లమందు, గట్టిగా పట్టుకునే నలుగురు మనుషులు. మరోవైపు, ఆ కాలంవాళ్లు ఏమీ తెలియనివాళ్లని అనుకోవడం కూడా పొరపాటే. ఫ్రెంచి శస్త్రవైద్యుడు పెతీ 1718 నాటికే నెత్తురు ఆపడానికి మర బిగించే కట్టును తయారుచేశాడు కనుక, ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట వచ్చిన వైద్యుడి పాత్ర మీ ఆటలో ఉంటే అతని పెట్టెలో అటువంటిది ఒకటి పెట్టవచ్చు. అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే, తుపాకీ గాయంలో మరిగే నూనె పోసే ఆచారం వల్ల మేలు కంటే కీడే ఎక్కువని, నూనె అయిపోయిన రోజున గుడ్డుసొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపి రాసి చూసి ఆంబ్రోజ్ పరే అనే మరో ఫ్రెంచి శస్త్రవైద్యుడు తెలుసుకున్నాడు. మన వైపు చూస్తే, సుశ్రుత సంహిత వ్రణానికి 60 ఉపక్రమాలు చెబుతుంది; తేనె, నెయ్యి పూయడం, నార దారంతోనూ వెంట్రుకతోనూ కుట్టడం అందులో ఉన్నాయి, పేగు గాయానికి చీమలచేత కరిపించి తలలు మాత్రం ఉంచేయడం అనే పద్ధతీ ఉంది. ఎముక విరిగితే వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. కోటలోని నాటు వైద్యుడు, దండులోని పరాయి శస్త్రకారుడు ఒకే తొడ గాయం దగ్గర వాదులాడుకుంటే, ఆ రోగికి విసుగు అన్నది ఉంటుందా?

ఇక్కడ చిన్న పక్కమాట. మన పల్లెల్లో కొడవలి తెగితే పిండే గాయపాకు, అదే గడ్డిచామంతి, అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. అందుకని 1757 ఆటలో నేను దానిని వాడనివ్వను. వేప, పసుపు చాలు. ఈ పట్టుదల చూసి నా మిత్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి.

చికిత్స అర ఘడియ అన్నాను కదా, ఆ 12 నిమిషాలలో రోగి చేయవలసిన పని కూడా ఉండాలి. చీటీ వెనుక నేను ఒక వాక్యం అదనంగా రాస్తాను: నీకు స్పృహ తప్పుతున్నప్పుడు నీ తల్లి పేరు పలుకు, కట్టు కట్టేవాడికి నీ మొలతాడులోని లేఖ సంగతి చెప్పాలా వద్దా తేల్చుకో, నిన్ను పొడిచినవాడు ఎవరో నువ్వు చూశావు, చెబితే గొడవ, చెప్పకపోతే బాధ. ఇటువంటివి. రోగి నోరు విప్పితేనే వైద్యుడికి కబురు తెలుస్తుంది, వైద్యుడికి కబురు తెలిస్తే శిబిరం మొత్తం అటు తిరుగుతుంది. గాయపడినవాడిని చెట్టు కింద వదిలేసిన మీ ఆటకూ, గాయపడినవాడి చుట్టూ శిబిరమంతా మూగిన ఆటకూ తేడా ఆ వాక్యంలో ఉంది.

కట్టు కట్టిన తరువాత రెండు ఘడియలపాటు ఆ చెయ్యిగానీ కాలుగానీ వాడకూడదు, మిగిలిన పనులన్నీ చేయవచ్చు. కుడిచేయి కట్టుకున్న సేనానికి ఎవరో అన్నం కలిపి పెట్టాలి. కాలు కట్టుకున్న వార్తాహరుడు తన కబురును నమ్మకమైన ఇంకొకరికి అప్పగించాలి. పొట్టలో, గుండెలో తగిలిన చీటీలు 40లో మూడు మాత్రమే ఉంచండి. వాటికి చికిత్స లేదు. ఒక ఘడియ సమయం మాత్రం ఉంటుంది. ఆ ఘడియలో ఎవరికి ఏం చెప్పాలో అది ఆ ఆటగాడి ఇష్టం. తరువాత అతను తల మీద తెల్ల తువ్వాలు వేసుకుని నిర్వాహకుల గుడారానికి వచ్చి, ముందే సిద్ధంగా ఉంచిన కొత్త పాత్ర తీసుకుని, ముప్పావు గంట లోపల తిరిగి ఆటలోకి వెళ్లాలి. కొత్త పాత్రలు ముందుగా రాసి పెట్టుకోకపోతే ఇళ్లకు వెళ్లేవారిని మీరు ఆపలేరు.

బొబ్బిలి కథను ఎంచుకున్నారు కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. 1757 జనవరి 24న కోటలో జరిగినది, ఆ తరువాత తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజును చంపడం, ఇవి బొబ్బిలిలోనూ విజయనగరంలోనూ ఇప్పటికీ పాటగా, పౌరుషంగా బతికి ఉన్న సంగతులు. కోటలోని స్త్రీలకూ పిల్లలకూ జరిగినదాన్ని ఆటగా ఆడకండి, చీటీలలోకి తీసుకురాకండి. చరిత్రలో పేరున్న వ్యక్తుల పాత్రలను ఎవరికీ ఇవ్వకండి, వాళ్లను ఎవరూ బతికించే అవకాశమూ పెట్టకండి. మీవాళ్లు కోట బయటి ఊరివాళ్లు, మేదర్లు, పడవవాళ్లు, దండు వెంట నడిచే వంటవాళ్లు, పేరులేని బంట్లు అయితే గాయానికి అర్థం పెరుగుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. నిజం చెప్పాలంటే, రాజు పాత్ర వేసినవాడు ఎప్పుడూ గాయపడడానికి ఒప్పుకోడు. అది నా అనుభవం.

మంత్రం సంగతి కూడా తేల్చేద్దాం. కల్పిత లోకంలో నడిచే ఆటలో మంత్రవైద్యం పెట్టుకోవచ్చు, దానికి తగిన వెల ఉంటే చాలు. మన పల్లెల చరిత్ర మీద నడిచే ఆటలో మాత్రం, ముఖ్యంగా పాము కాటుకు, నేను మంత్రాన్ని పనిచేయనివ్వను. తోట గట్టు మీద కూర్చుని చూసే పిల్లలు ఉంటారు; పాము కరిస్తే మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్లి ఆలస్యం చేసిన కథలు మన చుట్టుపక్కల ఇంకా వింటూనే ఉన్నాం. మంత్రగాడి పాత్ర ఉండవచ్చు, అతను రోగికి ధైర్యం చెప్పవచ్చు, విషం మాత్రం దిగకూడదు.

ఇప్పుడు మీరు అడగని విషయం, నా దృష్టిలో మొత్తం సమాధానంలో బరువైనది. ఆట గాయాన్ని ఎంత బాగా నటిస్తే, నిజమైన గాయాన్ని గుర్తుపట్టడం అంత కష్టమవుతుంది. నా మూడో ఆటలో, జీడిమామిడి తోటలో పరుగెత్తుతున్న ఒక కుర్రాడు వేరు తట్టుకుని పడి, చీలమండ పట్టుకుని, నిజంగా తగిలింది, నిజంగా తగిలింది అని అరిచాడు. ఆ రోజు అందరూ అలాగే అరుస్తున్నారు. వైద్యుడి పాత్రధారి వచ్చి, ఎంతో నిష్ఠగా, వెదురు బద్ద పెట్టి ఆ కాలినే బిగించి కట్టడం మొదలుపెట్టాడు, మేమందరం మెచ్చుకుంటూ చూశాం. తోట కాపలా ముసలాయన గట్టు దిగి వచ్చి, "ఏటి బాబూ ఇది, ఆ పిల్లడు నిజంగానే ఏడుస్తన్నాడు, మీకు అగపడదా?" అన్నాక మాకు తెలివి వచ్చింది. ఎముక చిట్లింది. ఆ కుర్రాడు ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు, ఆ తప్పు పూర్తిగా నాది.

అప్పటి నుంచి నేను మార్చినవి చెబుతాను. ఆట ఆపే మాట ఆటలో ఎవరి నోటా రాని మాట అయి ఉండాలి. బ్రిటన్ ఆటలలో మ్యాన్ డౌన్ అని కేకవేస్తారు. నార్డిక్ దేశాలలో ఆట పూర్తిగా ఆపడానికి ఒక మాట, తీవ్రత తగ్గించమనడానికి మరొక మాట వాడతారు. మేము అంబులెన్స్ అన్న మాట పెట్టుకున్నాం, ఎందుకంటే 1757 నాటి మనిషి ఆ మాట పలకడు, పల్లెలో చిన్నపిల్లవాడికి కూడా దాని అర్థం తెలుసు. ఆ కేక విన్న ప్రతి ఒక్కరూ అదే కేక మళ్లీ వేసి, ఉన్నచోటనే నేల మీద కూర్చోవాలి. నిలబడి ఉన్నవాళ్లు నిర్వాహకులు మాత్రమే అవుతారు, పడినవాడు ఎక్కడున్నాడో వెంటనే కనబడుతుంది. అనుమానం మాత్రమే ఉంటే, బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా ముద్ర చూపించి కళ్లతో అడగాలి. ఎదుటివాడు అదే ముద్ర తిరిగి చూపితే ఆట సాగుతుంది, అరచెయ్యి అటూ ఇటూ ఊపినా, ఊరుకున్నా ఆపి మాట్లాడాలి. ఈ పద్ధతి అమెరికా ఆటల నుంచి నేర్చుకున్నాను, బాగా పనిచేస్తుంది.

రెండోది రంగుల నియమం. ఆట కట్లన్నీ కావి రంగులో అద్దిన పాత పంచె పీలికలు; తెల్ల గాజుగుడ్డ కనబడిందంటే అది నిజమైన గాయం. ఆట నెత్తురు ఛాతీ పైన, ముఖం మీద, తల మీద పూయకూడదు. కనుక ముఖం మీద ఎరుపు కనబడితే అది నిజమైన నెత్తురే. ఆట నెత్తురు కోసం మనవాళ్లకు మొదట తోచేది పసుపులో సున్నం కలిపిన దిష్టినీళ్లు; రంగు అద్భుతంగా వస్తుంది, కాని సున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం, గీరుకుపోయిన చర్మం మీద మంట పెడుతుంది, కాబట్టి వద్దు. బెల్లం పాకం వాడి చూశాను, చీమలు మాకంటే ముందు గాయాల దగ్గరకు చేరాయి. ఇప్పుడు పలుచని గంజిలో మిఠాయిలకు వాడే ఎర్ర రంగు, చిటికెడు కాఫీపొడి కలుపుతున్నాం. బట్టలకు పట్టిన మరక పోదు, అది ముందే చెప్పండి.

మూడోది తాకడం. మన ప్రాంతంలో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడే ఆటలో ఇది నోటిమాటగా వదిలేసే సంగతి కాదు. మొదట వైద్యుడు పాత్రగానే, చెయ్యి చూడనిస్తావా అని అడగాలి. రోగి అవునంటేనే మోచేతి నుంచి కింది భాగం, మోకాలి నుంచి కింది భాగం తాకాలి. చీటీలో దెబ్బ తొడ మీదో పొట్ట మీదో ఉంటే, రోగి తన గుడ్డను తానే అదిమి పట్టుకుంటాడు, పక్కనున్నవాడు రోగి చేతి మీద చెయ్యి వేస్తాడు, నెత్తురు లెక్క అప్పుడూ ఆగుతుంది. తాకడమే ఇష్టం లేనివారు నడుముకు నీలం దారం కట్టుకుంటారు, వాళ్లకు జానెడు దూరంలో చేతులు ఆడించి చికిత్స చేస్తే సరిపోతుంది, కారణం అడగకూడదు. కట్టు ఎప్పుడూ రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండాలి, పెతీ కట్టును పెట్టెలో చూపించడమే తప్ప ఎవరికీ బిగించకూడదు. సూది, కత్తి, కత్తెర అన్నీ వెదురుతో చెక్కిన మొద్దు వస్తువులే. మందు పేరుతో మంచినీళ్లు తప్ప మరేదీ నోట్లో పోయకూడదు. ఎవరికి ఏది పడదో మనకు తెలియదు.

నిజమైన ప్రథమ చికిత్స కోసం ఆటలో లేని ఇద్దరు మనుషులు, ఒక బండి, ఛార్జింగు నిండుగా ఉన్న ఒక ఫోను ఉండాలి. తోట ఉన్న ఊరి పేరు, రోడ్డు మలుపు గుర్తు ఒక కాగితం మీద రాసి గుడారానికి అంటించండి, ఎందుకంటే 108కి ఫోన్ చేసినవాడు కంగారులో ఊరి పేరే మరిచిపోవడం నేను చూశాను. నెత్తురు కారితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. పసుపు, కాఫీపొడి కొట్టకూడదు. చీలమండ బెణికితే కదపకుండా, ఎత్తులో ఉంచి, చల్లని గుడ్డ వేయాలి. తలకు దెబ్బ తగిలి వాంతి అయినా, మగతగా ఉన్నా ఆట ముగిసినట్టే, ఆసుపత్రికే వెళ్లాలి. పాము కరిస్తే, అది రక్తపింజర అయినా కట్లపాము అయినా, తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకుండా ఆ అవయవం కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ మందు దగ్గరలో ఎక్కడ ఉందో ఆటకు ముందే కనుక్కోండి.

వీటన్నింటికంటే ఎక్కువసార్లు నేను చూసింది ఎండదెబ్బ, నీరసం. తీరప్రాంతపు ఉక్కలో తలపాగా, అంగరఖా వేసుకుని పరుగెత్తితే మార్చిలోనే మనుషులు కూలబడతారు. లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన కుండ ఒకటి శిబిరం మధ్యలో ఉంచి, దానికి కథలో ఏదైనా పేరు పెట్టి, చికిత్స పొందిన ప్రతివాడూ, చికిత్స చేసిన ప్రతివాడూ ఒక గ్లాసు తాగాలన్న నియమం పెట్టండి. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ముందే నిర్వాహకులకు చెప్పి మామూలు నీళ్లు తాగవచ్చు. అక్టోబరులో ఆడవద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే మన తీరం మీద పడ్డాయి. సంక్రాంతి హడావుడి తగ్గాక జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తోట యజమానితోపాటు ఊరి సర్పంచికి, దగ్గరి పోలీసు స్టేషనుకు ముందుగా చెప్పండి. మెత్తని ఫోముతో చేసిన ఆట కత్తులు పట్టుకుని 20 మంది పరుగెత్తడం, ఎర్రగా తడిసిన పంచెలు, దూరం నుంచి చూసేవారికి ఆటలా కనిపించవు.

పూర్తి ఆటకు ముందు ఆరుగురితో ఒక సాయంత్రం ప్రయత్నించి చూడండి. పోరు అవసరం లేదు. ముగ్గురు చీటీలు తీసి పడుకోవాలి, ఇద్దరు గుడ్డ అదిమి పట్టాలి, ఒకరు వైద్యం చేయాలి. మూడో రోగి దగ్గర ఎవరూ లేరన్నది గమనించండి. అతని పూసలు అయిపోయేలోగా మిగతా ఐదుగురు ఏం చేశారో చూసి, మీ ఆటకు 10 విఘడియలు సరిపోతాయో, 15 కావాలో నిర్ణయించుకోండి. అంబులెన్స్ కేక మాత్రం ఆ సాయంత్రమే మూడుసార్లు వేయించి, ఎంతసేపట్లో అందరూ కూర్చున్నారో లెక్కపెట్టండి. మా తోటలో మొదటిరోజు అర నిమిషం పట్టింది, ఇప్పుడు ఐదు అంకెలలోపే కూర్చుంటున్నారు.